జెముడు కాకి సైగ

నర్మద జన్నారం అడవికి వెళ్లింది పిట్టలను చూడటానికి కాదు, మొగుడి మీద ఓ కన్నేసి ఉంచడానికి.

పైకి ఆ మాట ఒప్పుకునే మనిషి కాదు. ఎన్నడూ అడవి చూడలేదు, ఒక్కసారి చూసొస్తానని సిరిసిల్లలో ఇరుగుపొరుగుకు చెప్పింది. రెండు రోజులు ఇంట్లో నూలు కండెలు చుట్టి ఇవ్వలేనని మగ్గాల యజమాని ఆసామికీ అదే చెప్పింది. కడుపులో ఉన్న మాట వేరు. ఏడాదిగా హనుమండ్లు నోట కావ్య మేడం పేరు తప్ప మరో పేరు లేదు. అన్నం ముందు కూర్చుంటే కావ్య మేడం. సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, బంద్ ఉన్న పొద్దున సైకిలెక్కి మానేరు నీళ్ల ఒడ్డుకు పోతే అక్కడ పిట్టలు చూపించేది కావ్య మేడం. మెడలో వేలాడే పాత దుర్భిణి ఇచ్చింది కూడా ఆమే. కరీంనగర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే పెళ్లికాని పిల్లకు, మీసం నెరిసిన మరమగ్గాల కార్మికుడితో ఏం పని? అన్నా అని పిలుస్తుంది, నిజమే. పిలుపుదేముంది, నోరు తిరిగితే ఎవరినైనా ఏమైనా పిలవొచ్చు.

ఈసారి ఫారెస్టువాళ్లూ పక్షుల సంఘం వాళ్లూ కలిసి శని ఆదివారాలు జన్నారం దగ్గరి కవ్వాల అడవిలో పక్షుల లెక్కింపు పెట్టారు. వచ్చినవాళ్లను గుంపులు చేసి ఒక్కో గుంపును ఒక్కో దారిలో నడిపిస్తారు. కంటికి కనిపించిన పిట్టనూ, చెవిన పడ్డ పిట్టనూ ఫోన్‌లో ఎక్కించుకుంటూ పోవాలి. కావ్య మేడం గుంపులో తాను ఉన్నానని హనుమండ్లు మురిసిపోతూ చెప్పాడు. తానూ వస్తానంది నర్మద. హనుమండ్లు నవ్వి తల ఊపాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఈ మధ్య ఏం చెప్పినా అదే నవ్వు, అదే తల ఊపు. నీతో మాట్లాడితే చెవిటోని ముందు శంఖం ఊదినట్టే అని విసుక్కుంది. దానికీ తల ఊపాడు.

శనివారం పొద్దున మంచు విడవకముందే గుంపు బయలుదేరింది. గుంపంటే నలుగురే. ముందు కావ్య, ఆమె వెనుక హనుమండ్లు, తర్వాత నర్మద, చివర అమీర్. అమీర్‌కు జన్నారంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అడవి దారులు ఎరిగినవాడని దారి చూపడానికి వచ్చాడు గానీ, కావ్య నడకకు వెనుకబడిపోయాడు. టేకు ఆకులు ఎండి రాలి దారంతా కప్పేశాయి. అడుగేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. మోదుగులు అక్కడక్కడా పూసి ఉన్నాయి. గుర్తు పెట్టిన చోటల్లా ఆగి, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి వినాలి. ఒక్క మాట మాట్లాడినా పిట్ట లేచిపోతుందని కావ్య ముందే చెప్పింది.

పిట్టలను గుర్తుపట్టడంలో హనుమండ్లు ఏమంత మొనగాడు కాదని నర్మదకు అరగంటలోనే తెలిసిపోయింది. ఆకాశంలో తిరిగే ప్రతి గద్దా అతడికి కొత్త గద్దలాగే ఉంది. ఎండుకొమ్మను చూసి వడ్రంగి పిట్ట అనుకున్నాడు. మొగుడు ఇక్కడ పెద్ద పండితుడై వెలుగుతున్నాడేమో అనుకుని వచ్చిన నర్మదకు కొంచెం నిరాశ కూడా కలిగింది. మరి ఏం చూసి ఇతడిని వెంటేసుకు తిరుగుతోంది ఈ పిల్ల?

అప్పుడు చూసింది కావ్య చేతులను.

కావ్య ఒక చెట్టు కింద ఆగి వెనక్కి తిరిగింది. అరచేయి నిలబెట్టింది. హనుమండ్లు ఠక్కున ఆగాడు. ఆమె రెండు వేళ్లు కలిపి విడదీసింది, పైకి చూపించింది. హనుమండ్లు దుర్భిణి ఎత్తి చూసి, వేళ్లతోనే ఏదో జవాబు చెప్పాడు. ఆమె నవ్వింది.

నర్మద వెంటనే గుర్తుపట్టింది. ఆ చేతులు ఖార్ఖానా చేతులు.

సాంచెలు వరసగా దడదడలాడే చోట నోటితో పని లేదు. చెవి దగ్గర మూతి పెట్టి అరిచినా మాట అందదు. అందుకే అక్కడ బతికేవాళ్లకు చేతులే నోరు. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, సాంచె ఆపమంటే నిలబెట్టిన అరచేయి. ఆసామి వస్తున్నాడంటే మీసం దువ్వుకోవడం. ప్రతి మనిషికీ ఒక సైగే పేరు. బుగ్గలు ఉబ్బిస్తే హనుమండ్లు. ముక్కుపుల్ల ఉండే చోట చూపుడువేలు ఆనిస్తే నర్మద. కండెలు అందించడానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఆ పేరు పెట్టినవాడు హనుమండ్లే. పెళ్లి చేసుకుంటావా అని అడిగిందీ, ఆమె ఊ అన్నదీ ఆ దడదడల మధ్య చేతులతోనే. పక్క సాంచె మీద ఉన్నవాళ్లు చూసి నవ్వితే సిగ్గుతో కండెల బుట్ట కింద పడేసుకుంది. ఆ భాష ఖార్ఖానాది అయితే అయింది గానీ, అందులో కొంత తనది మాత్రమే అని నర్మద అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు అది ఉంగరాలు పెట్టుకున్న ఎవరివో చేతుల్లో ఆడుతోంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి అవతలి పొదల్లోంచి కుండలో నోరు పెట్టి ఊదినట్టు ఊప్ ఊప్ ఊప్ అని ఒక పిట్ట అరిచింది. కావ్య చటుక్కున తిరిగి, హనుమండ్లు వైపు చూసి, ముక్కు పక్కన వేలు ఆనించింది. హనుమండ్లు అప్పటికే పొదల వైపు తిరిగి ఉన్నాడు. మొహమంతా విప్పారింది. అతడూ ముక్కు పక్కన వేలు ఆనించాడు.

నర్మదకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి తిరిగి ఆ సైగ ఏమిటని అమీర్‌ను గుసగుసగా అడిగింది.

"జెముడు కాకి వదినా," అన్నాడు అమీర్. "పోయినసారి హనుమండ్లన్ననే నేర్పిండు మాకు. మాట్లాడితే పిట్టలు పరేషాన్ అయితయి గదా. ఒక్కో పిట్టకు ఒక్కో సైగ పెట్టిండు. మస్తు తెలివి ఆయనకు."

మస్తు తెలివే. నెమలి ఉంది, పాలపిట్ట ఉంది, చూడముచ్చటైన పిట్టలు అడవినిండా ఉన్నాయి. అన్నిటినీ వదిలి, పోయి పోయి, పెళ్లాం పేరు తెచ్చి పొదల్లో నక్కి తిరిగే ఎర్రకళ్ల కాకికి పెట్టాడు. అది ఎదురొస్తే మంచి శకునమంటారు, అది వేరే సంగతి. నలుగురి మధ్య పారేసుకున్న పేరు నలుగురిదీ అవుతుంది. ఇకమీదట ఎవరైనా ముక్కు మీద వేలు వేస్తే కాకి గుర్తుకు రావాలా, నర్మద గుర్తుకు రావాలా?

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే ఇంకొకటి జరిగింది. ఆమె చెప్పులో ముల్లు దిగింది. ఒంటి కాలి మీద నిలబడి, "ఇగో, జర ఆగు," అని పిలిచింది. హనుమండ్లు ఆగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. వినిపించేంత దూరంలోనే ఉన్నాడు, అయినా వీపు కూడా కదల్లేదు. అంతలో ముందున్న కావ్య ఒక్క వేలెత్తింది. హనుమండ్లు వెంటనే తలెత్తి చూశాడు. ఆమె వెనక్కి చూపిస్తే అప్పుడు తిరిగి, నర్మదను చూసి, పరుగున వచ్చాడు. నర్మద అప్పటికే ముల్లు పీకేసుకుంది. చేయి పట్టుకోబోతే విదిలించుకుంది.

తాను గొంతు చించుకుంటే రాని మనిషి ఆ పిల్ల వేలెత్తితే తిరిగాడు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సాయంత్రం ఆడవాళ్లకు ఇచ్చిన గదిలో కావ్య, నర్మద పక్కపక్క మంచాల మీద కూర్చున్నారు. కావ్య మందు తెచ్చి కాలికి రాయబోయింది. వద్దంది నర్మద. కావ్య మందు మూత బిగించి, మెల్లగా అడిగింది.

"అన్న ఇంట్ల ఎట్లుంటడు వదినా? మీతోని మంచిగనే మాట్లాడుతడా?"

"మా ఇంటి ముచ్చట మీకెందుకు మేడం," అంది నర్మద.

కావ్య మొహం చిన్నబోయింది. దీపం వైపు తిరిగి పడుకుంది. మొగుణ్ణి లాక్కున్నది చాలక కాపురం కూపీ కూడా లాగుతోందని నర్మద పళ్లు కొరికింది. ఆ పిల్ల చక్కగా ఉంది, పొట్టి జుట్టు, సన్నటి మెడ, తడబడకుండా మాట్లాడే నోరు. తన చేతులు చూసుకుంది. కండె పోగులు కోసి కోసి వేళ్ల సందుల్లో గీతలు పడ్డాయి. ఏడుపు వచ్చింది గానీ ఆ పిల్ల ముందు ఏడవడానికి మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున ఆమె ఒక నిర్ణయానికి వచ్చి లేచింది. నడిచేటప్పుడు అమీర్ వెనుక ఉండలేదు. కావ్యకూ హనుమండ్లుకూ నడుమ దూరింది. కావ్య ఎక్కడ ఆగితే అక్కడ సరిగ్గా ఆమెకు అడ్డంగా నిలబడింది. కొంగు సవరించుకుంటున్నట్టు చేయి చాపింది. కావ్య పక్కకు జరిగితే తానూ జరిగింది. ఆ చేతులు మొగుడి కంట పడకూడదు, అంతే. మాట్లాడుకోండి ఇప్పుడు, ఎట్లా మాట్లాడుకుంటారో చూస్తాను అనుకుంది.

హనుమండ్లు తడబడటం ఆమె గమనించింది. తలమీద కొమ్మలో తేనెపిట్ట ఒకటి సన్నగా, గడగడా కూసింది. అమీర్ తలెత్తాడు, కావ్య తలెత్తింది, నర్మద కూడా తలెత్తింది. హనుమండ్లు తలెత్తలేదు. ముందు అమీర్ మొహం చూశాడు, తర్వాత నర్మద మొహం చూశాడు, ఆ తర్వాత వాళ్లు చూసిన వైపు చూశాడు. ఎక్కడో చూసినట్టుంది ఆ చూపు అనిపించింది ఆమెకు. కానీ కడుపులో మంట ఉన్నప్పుడు ఆలోచన ఎక్కడ సాగుతుంది? కావ్య చేతులకు అడ్డుపడే పనిలో పడి దాన్ని వదిలేసింది.

వాగు దిగే చోట దారి మలుపు తిరుగుతుంది. కావ్య ముందు దిగి అవతలి గట్టు మీద నిలబడింది. హనుమండ్లు మిగతావాళ్ల కంటే దూరంగా, ఏదో పిట్టను దుర్భిణితో వెతుకుతూ ఎండుటాకుల కుప్ప వైపు నడుస్తున్నాడు. అప్పుడు వినిపించింది. కుక్కర్ కూత పెట్టబోయే ముందు ఆవిరి తన్నుకొచ్చినట్టు బుస్సుమని, ఆగకుండా.

రక్తపింజర.

అమీర్ ఉన్నచోటే బిగుసుకుపోయాడు. గట్టు మీద కావ్య రెండు అరచేతులూ పైకెత్తి పిచ్చిగా ఊపింది. ఆ అరచేతులకూ హనుమండ్లుకూ మధ్య నర్మద ఉంది, కొంగు చాపి.

"అన్నా, ఆగు," అని అమీర్ అరిచాడు. హనుమండ్లు ఇంకో అడుగు వేశాడు. "ఆగుమంటే ఆగవేంది," అని నర్మద గొంతెత్తింది. అతడు ఆగలేదు. ఆకుల్లోంచి ఆ బుస అంతకంతకూ పెరుగుతుంటే, గుళ్లోకి నడిచి వెళ్లినంత నిమ్మళంగా దాని మీదికే నడుస్తున్నాడు.

ఆ క్షణాన నర్మదకు అంతా తెలిసింది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది. నవ్వు, తల ఊపు, నిన్న ముల్లు దిగినప్పుడు కదలని వీపు, ముందు మొహాలు చూసి తర్వాత చెట్టు చూసిన చూపు.

ఎట్లా ఉరికిందో ఆమెకే తెలియదు. వెనుకనుంచి అంగీ కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. దుర్భిణి రాయికి తగిలి అద్దం పగిలింది. ఆకుల కుప్పలోంచి గొలుసు మచ్చల పాము లావుగా బద్ధకంగా కదిలి, పొదలోకి వెళ్లిపోయింది. హనుమండ్లు పామును చూశాడు. తర్వాత పెళ్లాం మొహం చూశాడు. ఆమెకు తెలిసిపోయిందని ఆ మొహంలోనే చదువుకుని తల దించుకున్నాడు.

కావ్య వాగు దాటి పరుగెత్తుకొచ్చింది.

"నా చేతులు కనవడకుంట ఎందుకు నిలవడ్డరు వదినా? అన్నకు ఇనవడది గదా."

"నీకెప్పటిసంది తెలుసు?" అని నర్మద అడిగింది.

"మానేరు కాడ మొదటిసారి కలిసినప్పటిసంది. మీకు తెలుసనే అనుకున్న. రాత్రి గందుకే అడిగిన, ఇంట్ల ఎట్ల మాట్లాడుతడని."

ఆ మాట పాముకాటు కన్నా తక్కువేమీ కాదు. మొదటిరోజే పరాయి పిల్ల కనిపెట్టింది. పక్కలో పడుకునే తనకు ఏడాదైనా తెలియలేదు. తెలియకపోగా, ఆ పిల్ల చేతులు అతడికి చెవులని ఎరగక వాటికి అడ్డం నిలబడింది. ఇంకో అడుగు పడి ఉంటే ఎవరు చంపినట్టు? అడిగితే ఏం చెప్పేది, నా పేరు కాకికి పెట్టాడని చంపానని చెప్పేదా?

అమీర్ కావ్యను తీసుకుని ముందుకు నడిచాడు. మొగుడూ పెళ్లాం వాగులో బండ మీద కూర్చున్నారు. నర్మద మొదట పక్కన కూర్చుని, ఏదో తట్టినట్టు లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. హనుమండ్లు ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. ఇంట్లో తినేటప్పుడు కూడా ఇట్లాగే చూసేవాడు. ముసలితనంలో ముద్దొచ్చిందేమో అనుకునేది.

ఎందుకు చెప్పలేదని అడిగింది. అతడు చూపు నీళ్లలోకి తిప్పుకున్నాడు.

"సాంచెల మీద బతికినోళ్లకు అందరికి అయితది. బాపుకు కాలేదా?" అన్నాడు. "బాపుతోని మనం మాట్లాడుడు ఎప్పుడు బంద్ చేసినమో యాదికున్నదా? అన్నం పళ్లెం ముందటవెట్టి పోయేటోళ్లం. నువ్వూ గట్లనే, నేనూ గట్లనే. నాలుగు మాటలు రెండుసార్లు చెప్పాల్సొస్తదని అసలుకే చెప్పకపోయేది. నీకు చెప్తే నాతోని గూడ మాట్లాడుడు బంద్ చేస్తవని భయమైంది. సగం ఇనవడ్డా, నవ్వి తల ఊపితే నువ్వు చెప్తనే ఉంటుంటివి."

నర్మద తల తిప్పుకుంది. మామ సాంబయ్య అరుగు మీద కూర్చుని, ఎవరు వస్తున్నా పోతున్నా వాళ్ల మూతుల వైపు ఆశగా చూడటం కళ్లకు కట్టింది. ఆయన ఎదురుగానే, ముసలోనికేం ఇనవడ్తదిలే అని పక్కింటామెతో నవ్వుతూ అన్నది తానే. అప్పుడు హనుమండ్లు పక్కనే ఉన్నాడు. ఆ మాట అతడి చెవులు బాగున్న రోజుల్లో, బాగానే విన్నాడు.

అంతలో అవతలి పొదల్లోంచి నిన్నటి పిట్ట అరిచింది. ఊప్ ఊప్ ఊప్. ఎవరూ చూపించకుండానే, ఎవరి మొహమూ చూడకుండానే, ఆమెకన్నా ముందు హనుమండ్లు తల తిరిగింది.

"గిది ఇనవడ్తది," అన్నాడు. చిన్నపిల్లవాడికి బెల్లం దొరికినట్టుంది మొహం. "సన్నగ కూసేటియి అన్ని పోయినయి నర్మదా. పొద్దుగాల చెట్లు చూస్తే మూగచెట్ల తీరు ఉంటయి. గిదొక్కటే సాఫ్‌గ ఇనవడ్తది. అందుకే దానికి నీ పేరు పెట్టుకున్న."

రెండు రోజులుగా నెత్తిన మోసిన మంట ఎక్కడ దింపాలో నర్మదకు తెలియలేదు. ఏడవకుండా ఉండటానికి, "అంటే నా గొంతు గా కాకి లెక్క మోటుగున్నదంటవా?" అంది.

హనుమండ్లు నవ్వి తల ఊపాడు.

అదే నవ్వు, అదే తల ఊపు. ఇన్నాళ్లూ ఆమెను ఉడికించిన ఆ తల ఊపుకు అర్థం ఇప్పుడు తెలుసు. నర్మద కొంగు మోకాలి మీద వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, అదే మాట మళ్లీ చెప్పింది. తన పేరు, గొంతు, కాకి, ఆ వెంట ఒక ప్రశ్న. ఖార్ఖానా వదిలి చాలా ఏళ్లయింది, వేళ్లు మొదట మొరాయించాయి. హనుమండ్లు చూస్తూ చూస్తూ ఉండి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఈసారి తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణం. సంఘం వాళ్లు పెట్టిన చిన్న బస్సు పాతది. గోదావరి వంతెన దాటేసరికి దాని కిటికీ అద్దాలు, రేకులు అన్నీ కలిసి సాంచెల ఖార్ఖానా కన్నా ఎక్కువ మోత పెట్టడం మొదలైంది. లోపల ఎవరి మాటా ఎవరికీ వినిపించక అందరూ నోళ్లు మూసుకున్నారు. వెనుక సీటులో ఇద్దరి చేతులు మాత్రం ఆగలేదు.

నర్మద కిటికీకి వీపు ఆనించి, హనుమండ్లుకు ఎదురుగా తిరిగి కూర్చుంది. ఏడాదిగా అతడు నవ్వి దాటేసినవన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. పక్కింటి పిల్ల ఎవరిని చేసుకుంటానని పట్టుబట్టిందీ, వానకు ఏ మూల కారిందీ, ఆసామి భార్య కొత్త చీర కట్టుకుని ఎట్లా నడిచిందీ. ఆసామి భార్యను చూపించడానికి మీసం దువ్వి, దాని మీద కొంగు కప్పుకుంది. హనుమండ్లు సీటు కొట్టి నవ్వాడు. దుర్భిణి పగలగొట్టినందుకు తప్పెవరిదని పోట్లాడుకున్నారు. చెవుల డాక్టరు దగ్గరికి రావాలని ఆమె, ఏం లాభమని అతడు, రాకపోతే చూడు అని మళ్లీ ఆమె. కొండగట్టు గుట్ట కనిపించినప్పుడు బస్సులో అందరూ దండం పెట్టుకున్నారు. వీళ్లిద్దరి చేతులకు దానికీ తీరిక లేదు.

ముందు సీటులోంచి కావ్య వెనక్కి తిరిగి చాలాసేపుగా చూస్తోంది. ఆమెకు వచ్చిన సైగలు ఆ అడవిలో పిట్టలకు సరిపోయేన్ని. ఇక్కడ పోతున్న మాటలు ఒక్కటీ అందడం లేదు. నర్మద ఏదో చెబుతూ ముక్కు పక్కన వేలు ఆనించగానే, హమ్మయ్య ఇది తెలుసన్నట్టు కావ్య చటుక్కున కిటికీలోంచి తొంగి చూసింది. రోడ్డు పక్కన మక్కచేలు తప్ప పిట్ట ఏదీ లేదు. మళ్లీ వీళ్ల వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్లలో ఉన్నదేమిటో నర్మద ఇట్టే పోల్చుకుంది. రెండు రోజులు తన కడుపులో పెట్టుకు తిరిగినదాన్ని పోల్చుకోలేదా?

అసూయ అంతా పోయిందంటే అబద్ధం. కొంచెం మిగిలే ఉంది. కానీ ఆ పిల్ల చేతులు గట్టు మీద పిచ్చిగా ఊగడం కూడా కళ్లముందే ఉంది. నర్మద పక్కకు జరిగి చోటు చేసి, రమ్మని తల ఊపింది. కావ్య సీట్లు పట్టుకుంటూ వచ్చి కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, ఇవన్నీ తనకు కూడా నేర్పుతారా అని అడిగింది.

"నేర్పుత," అంది నర్మద. తర్వాత హనుమండ్లు వైపు ఒకసారి చూసుకుని, కావ్య వైపు తిరిగి గట్టిగా, నవ్వకుండా చెప్పింది.

"గని అన్నీ గాదు."

ఆ మాట హనుమండ్లుకు వినిపించలేదు. ఏమన్నావు, నా గురించేనా అని బుగ్గలు ఉబ్బించి అడిగాడు. నర్మద కొంగు చాటున, కావ్యకు కనిపించకుండా, వేళ్లతో చెప్పింది.